కోడ్‌కూ లింకు డాక్యుమెంట్లు ఉంటాయి

హైదరాబాద్ శివార్లలో వంద గజాల స్థలం కొనాలన్నా పాత లింకు డాక్యుమెంట్లన్నీ తెప్పించి, ఈసీ తీయించి, లాయరుకు చూపించిన తర్వాతే బయానా ఇస్తాం. ఇదే నగరంలో, మాదాపూర్‌లోని ఒక చిన్న కంపెనీలో, ఎంఐటీ లైసెన్సు (ఉచితంగా వాడుకోనిచ్చే ఒక అనుమతి పత్రం) ఉన్న సాఫ్ట్‌వేర్ కోడ్‌ను తెచ్చుకున్న యువ ఇంజినీరు ఫైలు పైభాగంలోని కాపీరైట్ వరుసలను తీసేయడం నేను పక్కనే కూర్చుని చూశాను. 'క్లయింటుకు నీట్‌గా కనిపించాలి సర్' అన్నాడు.

ఆ కోడ్‌కు అతను పైసా చెల్లించలేదు, రచయితా అడగలేదు. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, నా కాపీరైట్ ప్రకటననూ ఈ అనుమతినీ మాత్రం ప్రతి కాపీలో ఉంచండి అన్నదే ఆ లైసెన్సు పెట్టే షరతు. దాన్ని కాలదన్నినవాడు అనుమతిని కూడా పోగొట్టుకుంటాడు. బొమ్మ రైళ్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ నుంచి రచయితల పేర్లూ కాపీరైట్ ప్రకటనలూ తొలగించి వాడుకున్న జాకబ్సన్–కాట్జర్ కేసులో, ఇలాంటి షరతును మీరడం కాపీరైట్ ఉల్లంఘన కాగలదని అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2008లోనే చెప్పింది.

లైసెన్సుల్లోని ఈ చాటభారతం ఎవరు చదువుతారన్నది అవతలి వాదన. ఇలాంటిదే మరో ఉచిత లైసెన్సు అయిన బీఎస్‌డీలో, వ్యాపార ప్రకటనల్లోనూ పేరు వేయాలన్న నిబంధన నిజంగానే భారమైంది. బర్క్‌లీ విశ్వవిద్యాలయం 1999లో దాన్ని ఎత్తేసింది. కాపీరైట్ ప్రకటనను ఉంచాలన్న షరతును మాత్రం అప్పుడు కూడా వదులుకోలేదు.

ఎందుకంటే ఆ వరుసలు రచయిత కీర్తి కోసమే ఉన్నవి కావు. కోడ్ చేతులు మారుతూ పోయి చివరికి ఏ వరంగల్ విద్యార్థి చేతికో చేరినప్పుడు, దీన్ని వాడుకునే హక్కు తనకు ఎవరిచ్చారో అతనికి చెప్పేది ఆ ప్రకటన ఒక్కటే. అది చెరిపేస్తే ఉచితంగా పుట్టిన కోడ్ దిక్కులేని ఆస్తిలా మిగులుతుంది, దానిమీద కట్టిన కంపెనీని రేపు కొనవచ్చేవారి లాయరు మొదట నిలదీసేదీ అక్కడే.

మన కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా కవి తన పేరూ తండ్రి పేరూ గద్యలో చెప్పుకునేవాడు, రాసుకునే లేఖకుడు దాన్నీ భక్తిగా ఎక్కించేవాడు. తాళపత్రాల మీద ఆ పేర్లు ఈనాటికీ నిలిచింది అందువల్లే. ఆ సంస్కారం ఉన్న జాతి ఇవాళ వాట్సాప్‌లో పేరు కత్తిరించి పద్యాలు పంపుకుంటోంది, ఆఫీసులో పేరు కత్తిరించి కోడ్ పంపుతోంది. హక్కులన్నీ అమ్ముకున్నా తన రచన తనదని చెప్పుకునే హక్కును 1957 నాటి మన కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ రచయితకే ఉంచింది; కంప్యూటర్ ప్రోగ్రామును అదే చట్టం సాహిత్య రచనల్లో చేర్చింది.

విడుదలకు ముందు టెస్టింగ్ రిపోర్టు అడిగే ప్రతి మేనేజరూ లైసెన్సుల ఫైలు కూడా అడగాలి. అది లేని బిల్డ్ (విడుదలకు సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్) క్లయింటుకు వెళ్లకూడదు.