బ్లేడు విషయంలో మన ఉదాసీనత

మన దేశంలో అన్నిటి మీదా చర్చ జరుగుతుంది. పెట్రోలు రేటు మీద, క్రికెట్ పిచ్ మీద, పక్క రాష్ట్రం ఆపేసిన నీళ్ల మీద. రోజూ పొద్దున్నే మన గొంతు మీద ఆడే వస్తువు గురించి మాత్రం ఎవరూ నోరు మెదపరు. కిరాణా కొట్టుకి వెళ్లి "ఒక బ్లేడు ప్యాకెట్ ఇవ్వండి" అంటారు. ఏ బ్లేడని కొట్టాయనా అడగడు, వీళ్లూ చెప్పరు. ఏది చేతికొస్తే అది. వంకాయల్ని ఒక్కొక్కటీ తొడిమ పట్టుకుని తిప్పి చూసి, పుచ్చు లేదని నమ్మకం కుదిరాకే తక్కెట్లో వేసే మనుషులు వీళ్లే.

నేను ఈ విషయాన్ని సీరియస్‌గా పట్టించుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. అంతకు ముందు నేనూ మామూలు మనిషినే. ఒకే తలకి ఐదు బ్లేడ్లున్న ఖరీదైన రేజరు వాడేవాణ్ణి. ఒక నెలాఖరున కూర్చుని లెక్క వేస్తే, ఆ తల ఒకటి కొనే డబ్బుతో రెండంచుల పాత బ్లేడ్లు యాభైకి పైగా వస్తాయని తేలింది. క్షవరం అయితే గానీ వివరం రాదని పెద్దలు ఊరికే అనలేదు. నాకు రెండూ ఒకే అద్దం ముందు, ఒకే పూట అయ్యాయి.

ఇక పొదుపు మొదలుపెట్టాను. ముందుగా జర్మనీ నుంచి ఒక రేజరు తెప్పించాను. దానికి తగ్గ బ్రష్షు లేకపోతే బాగుండదని బ్రష్షు, బ్రష్షు ఉత్తినే పడుకోకూడదని స్టాండు, నురగ కలపడానికి గిన్నె, గాటు పడితే రాయడానికి పటిక, ఆ పటిక పెట్టుకోవడానికి ఒక డబ్బీ. పెట్టుబడి లేకుండా పొదుపు ఎక్కడైనా ఉందా?

చరిత్ర తెలియనివాడు బ్లేడు పట్టకూడదని నా అభిప్రాయం. కింగ్ క్యాంప్ జిలెట్ (కింగ్ అనేది బిరుదు కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే) అమెరికాలో సీసా మూతలు అమ్ముకునే సేల్స్‌మన్. "ఒకసారి వాడి పారేసే వస్తువేదైనా కనిపెట్టు, కొన్నవాడు మళ్లీ నీ దగ్గరికే వస్తాడు" అని ఆ మూతలు కనిపెట్టిన పెద్దమనిషి సలహా ఇచ్చాడట. కాగితమంత పల్చటి ఉక్కు రేకుకి పదును నిలవదని తెలిసినవాళ్లంతా తేల్చేశారు. విలియం నికర్సన్ అనే ఇంజినీరు ఏళ్ల తరబడి కుస్తీ పట్టి నిలబెట్టాడు. 1903లో అమ్ముడుపోయినవి అక్షరాలా 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా సైన్యం లక్షల్లో కొని సైనికులకి పంచింది. వాళ్లు తిరిగొస్తూ ఆ అలవాటునీ ఇళ్లకి తెచ్చుకున్నారు.

ఈ జిలెట్ మహాశయుడే, సకల అనర్థాలకీ మూలం వ్యాపార పోటీ అనీ, దాన్ని రద్దుచేసి అమెరికా జనమంతా నయాగరా జలపాతం దగ్గర ఒకే ఒక్క మహానగరంలో కాపురం పెట్టాలనీ 1894లో రాశాడు. పోటీ వద్దన్న మనిషి కనిపెట్టిన బ్లేడు ఇవాళ నా అల్మరాలో ముప్పై ఏడు రకాలుగా పోటీ పడుతోంది.

ముప్పై ఏడూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మందం మిల్లీమీటరులో పదోవంతు, మధ్యలో అదే వింత ఆకారపు చిల్లి. రష్యా బ్లేడు జర్మనీ రేజర్‌లో కూర్చుంటుంది, జపాన్‌ది అమెరికా దాన్లో కూర్చుంటుంది. ఇన్ని దేశాలు కలిసి ఒప్పుకున్న చిల్లి ప్రపంచంలో ఇంకెక్కడుంది? తేడా అంతా అంచులో ఉంటుంది. ఎలాంటి ఉక్కు, ఎంత కోణంలో నూరారు, పైన ప్లాటినం పూత వేశారా, క్రోమియమా, గీత జారడానికి టెఫ్లాన్ లాంటిది పూశారా. జపాన్ ఫెదర్ చాలా వాడి అంటారు, టర్కీ డెర్బీ సాధువు అంటారు. మన టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ మధ్యరకం సంసారులు. మా నాన్నకి ఇవేవీ తెలియవు. ఆయనకి తెలిసింది ఒకటే, బ్లేడు ఉందా, అయిపోయిందా.

బ్లేడుకీ మొహానికీ పొంతన కుదరడం అంత తేలిక కాదు. పెళ్లికైతే 36 గుణాల్లో 18 కలిస్తే చాలు, ముహూర్తం పెట్టేస్తారు. బ్లేడుకి ఆ వెసులుబాటు లేదు. గడ్డం ముదురుదా లేతదా, చర్మం ఎలాంటిది, రేజరు ఎలాంటిది, సబ్బు ఏది, నీళ్లు ఎక్కడివి, అన్నీ కలవాలి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లొచ్చిన రోజు నురగ పుట్టదు, మంజీరా నీళ్లొచ్చిన రోజు ఆగదు. అందుకని ఒక్కో రకాన్నీ ఐదేసి సార్లు వాడి, తేదీ, నీళ్లు, గాట్లు, గడ్డం కింద మంట అన్నీ పద్దుల పుస్తకంలో రాశాను. ఏడాది పైనే పట్టింది. ఇరవై ఎనిమిదో రకం దగ్గరికొచ్చేసరికి మొదటిది ఎలా ఉండేదో గుర్తులేక మళ్లీ మొదలుపెట్టాను. తీర్పు ప్రస్తుతం రిజర్వులో ఉంది.

దీనికంతటికీ అర్థం ఏమిటని మా ఆవిడ అడిగింది. నాకు జవాబు తెలుసు గానీ పైకి చెప్పలేదు. నా ఉద్యోగం మా నాన్న చెప్పింది. ఇల్లు బ్యాంకువాళ్లు ఒప్పుకున్నది. టిఫిన్ ఫ్రిజ్‌లో పిండి ఏది ఉంటే అది. సీరియల్ నడుస్తున్నంతసేపు రిమోటు నాది కాదు. నా ఇష్టప్రకారం, ఎవరినీ అడక్కుండా, తప్పయితే నా నెత్తురుతోనే మూల్యం చెల్లించేలా నిర్ణయం తీసుకోగలిగిన విషయం ఈ ఇంట్లో ఒక్కటే మిగిలింది.

గీసే పద్ధతి గురించి రెండు మాటలు. రేజరుని సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టాలి, నొక్కకూడదు. దాని బరువే దాని పని చేసుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, గడ్డం బాగా నానాలి. తడిసిన వెంట్రుక మెత్తబడి తక్కువ బలానికే తెగుతుంది. అందుకే స్నానం చేశాక గీసుకోవడం మంచిదని సైన్సు. గడ్డం గీసుకున్నాక స్నానం చెయ్యందే వంటింట్లో అడుగుపెట్టకూడదని మా అమ్మ. నేను సైన్సునీ కాదనలేను, అమ్మనీ కాదనలేను. ముందొకటి, తర్వాతొకటి, రెండు స్నానాలు చేస్తున్నాను. ఎండాకాలం ట్యాంకరు బిల్లు పెరిగిందని అపార్ట్‌మెంట్ మీటింగులో ఎవరో లేవనెత్తినప్పుడు నేను సెల్‌ఫోన్ చూసుకున్నాను.

మగాళ్ల నీళ్ల సంగతి పెద్ద కంపెనీలకే ఒకప్పుడు అంతుబట్టలేదు. మన దేశం కోసం చవక రేజరు చెయ్యాలనుకున్న జిలెట్ కంపెనీ, అమెరికాలో చదువుకుంటున్న మన కుర్రాళ్ల మీద పరీక్షించి సంబరపడింది. తీరా ఇక్కడికొస్తే, చెంబులో కాసిని నీళ్లు పెట్టుకుని నేల మీద కూర్చుని గీసుకుంటున్నారు జనం. కుళాయి ధార లేక వెంట్రుకలు బ్లేడులో ఇరుక్కుపోయాయి. మళ్లీ మొదటి నుంచి చేసి 2010లో 15 రూపాయల రేజరు తెచ్చారు. ముందే ఒకసారి ఏదైనా పల్లెటూరి అరుగు మీద కూర్చుని చూసుంటే ఖర్చు కలిసొచ్చేది.

ఇక సంరక్షణ. బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందో 2020లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మైక్రోస్కోపు పెట్టి చూశారు. వెంట్రుక ఉక్కు కన్నా యాభై రెట్లు మెత్తన. అయినా అది వంగిన కోణంలో, అంచు దగ్గర ఉక్కు అల్లిక ఎగుడుదిగుడుగా ఉన్నచోట తగిలితే అంచు పెచ్చులూడుతుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు గానీ, మెత్తనివాడే తిరిగి మొత్తే సందర్భం ఇదొక్కటే అనుకుంటాను.

అంచు మీద వేసిన పూత పోతుంది కాబట్టి తువ్వాలుతో తుడవకూడదు. కడిగి, విదిలించి, ఆరబెట్టాలి. ఇంతే. కానీ ఇంత చిన్న సత్యంతో మనిషికి తృప్తి ఉంటుందా? మా నాన్న తరంవాళ్లు గాజు గ్లాసులో నాలుగు చుక్కల నీళ్లు పోసి, లోపలి గోడకి బ్లేడుని అటూ ఇటూ రుద్దేవాళ్లు. నెల దాటించేవాళ్లు. ఆ గ్లాసులో ఇంకెవరూ మంచినీళ్లు తాగేవాళ్లు కాదు. చెకోస్లొవేకియాలో కారెల్ ద్రబల్ అనే ఇంజినీరు ఇంకా ముందుకెళ్లాడు. ఈజిప్టు పిరమిడ్ ఆకారంలో అట్టపెట్టె చేసి, అందులో బ్లేడు పెడితే పదును తిరిగొస్తుందన్నాడు. ప్రభుత్వం పదేళ్లు ఆలోచించి 1959లో పేటెంటు ఇచ్చేసింది. నేనూ క్యాలెండరు అట్టతో ఒక పిరమిడ్ చేశాను. పనిచేసిందో లేదో చెప్పే లోపల పనమ్మాయి దాన్ని చెత్తబుట్టలో వేసింది.

ఒక్కో బ్లేడు ఐదుసార్లు వాడాలని నేను నిర్ణయించాను. నా దగ్గర 640 ఉన్నాయి. అంటే 3,200 గీతలు. మంగళవారం కూడదు, శుక్రవారం అసలే కూడదు, శనివారం వద్దని అమ్మ. వారానికి నాలుగు రోజులు మిగిలాయి. అంటే పదిహేనేళ్ల పైమాట. నాకిప్పుడు యాభై ఎనిమిది. ఇందులో అమావాస్యలు కలపలేదు. మిగిలితే మా అబ్బాయికి రాసిపెడదామనుకున్నాను. వాడు ఛాతీ దాకా గడ్డం పెంచి, దానికి నూనె రాసి, చిన్న దువ్వెనతో దువ్వుకుంటున్నాడు. ఆ దువ్వెన ఖరీదు అడిగి బీపీ తెచ్చుకున్నాను.

అన్నట్టు, బంధువుల ఇంటికి విజయవాడ వెళ్లినప్పుడు పది ప్యాకెట్లు సంచిలో పెట్టుకెళ్లాను. మా బావమరిది చూసి కంగారుపడి, "బావా, ఇక్కడ బ్లేడ్ బ్యాచ్ అంటే అర్థం వేరు, లోపల పెట్టు" అన్నాడు. రసికత లేదు.

వాడేసిన బ్లేడ్లు ఎక్కడ పెట్టాలన్నది మన దగ్గర ఎవరూ తేల్చని సమస్య. పూరిళ్లున్న రోజుల్లో చూరులో దోపేవాళ్లు. తర్వాత కిటికీ గూట్లో, అద్దం వెనక. న్యూజెర్సీలో పాత ఇల్లు అద్దెకి తీసుకున్న మా మేనల్లుడు బాత్రూం అల్మరా వెనక సన్నటి చీలిక చూసి ఫోన్ చేశాడు. అక్కడ ఒకప్పుడు వాడిన బ్లేడుని ఆ చీలికలోంచి గోడ మధ్యకి వదిలేసేవాళ్లట. గోడ ఎప్పుడు నిండుతుందనేది తర్వాత అద్దెకొచ్చేవాళ్ల తలనొప్పి. నేను మాత్రం పాత పాల పొడి డబ్బా మూతకి గంటు పెట్టి అందులో వేస్తున్నాను. చెత్త తీసేవాళ్ల చెయ్యి తెగకూడదు కదా. ఈ ఒక్క మాట వేళాకోళానికి అనట్లేదు.

మొన్న ఆదివారం లెక్క చూస్తే జపాన్ ప్యాకెట్‌లో ఒకటి తగ్గింది. నాలుగేసి చొప్పున మూడుసార్లు లెక్కపెట్టాను. హాల్లోకి వస్తే మా ఆవిడ చాప మీద కూర్చుని, పట్టుచీర ఒళ్లో వేసుకుని, పాత ఫాల్ కుట్లు విప్పుతోంది. ఆమె వేళ్ల మధ్య, సగానికి విరిచిన నా ఫెదర్.

"భలే తెగుతోందండీ. ఇంకో రెండు చీరలున్నాయి, ఆ మిగతా సగం ఎక్కడ పడిందో చూడండి" అంది.

ఆమె పక్కనే కూర్చుని, ఎంత కోణంలో పట్టుకుందో వంగి చూశాను. 30 డిగ్రీలే.