తొంభై తొమ్మిదేళ్ల లీజు గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ లీజు గారికి నమస్కరించి రాయునది. మీ క్షేమం అడగక్కర్లేదు. శ్రీలంకలోని హంబన్‌టోట రేవులో మీ ఆయుష్షు 2116 దాకా ఉంది. మాలో ఎవరికీ అంత పూచీ లేదు.

ముందుగా మీ తెలివికి ఓ దండం. పాత రోజుల్లో ఇంకొకరి రేవు కావాలంటే ఫిరంగులు, పటాలం, ఓ గవర్నరు, ఆయనకో బంగ్లా, బోలెడు ఖర్చు. మీరొచ్చాక పెన్ను చాలు. జెండా వాళ్లదే, జాతీయగీతమూ వాళ్లదే. రేవంటారా? అబ్బే, అమ్మలేదండీ, అద్దెకిచ్చాం!

1898లో బ్రిటన్ మిమ్మల్ని వెంటబెట్టుకుని చైనా గుమ్మంలో దిగింది. హాంకాంగ్‌ను ఆనుకుని ఉన్న న్యూ టెరిటరీస్ రాయించుకుంది, పైసా అద్దె లేకుండా. అదే ఏడు జర్మనీ కూడా మీ పేరు చెప్పే జియావోజో అఖాతంలో తిష్ట వేసింది. అవన్నీ అసమాన ఒప్పందాలని చైనా ఇప్పటికీ మండిపడుతుంది. అయినా అత్త పెట్టిన ఆరళ్లు కోడలు ఊరికే మర్చిపోతుందా? తనకో కోడలు వచ్చేదాకా దాచుకుంటుంది.

ఆ కోడలు శ్రీలంక. హంబన్‌టోట అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స సొంత జిల్లా. అక్కడ రేవు కట్టే పనిలో మొదటి దశకు చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ 30.7 కోట్ల డాలర్లు అప్పిచ్చింది, వడ్డీ 6.3 శాతం. 2012లో అక్కడ ఆగిన ఓడలు 34. (మా ఊరి బస్టాండ్‌లో ఒక్క పూటకే అంతకంటే ఎక్కువ బస్సులు ఆగుతాయి.) 2017లో 112 కోట్ల డాలర్లకు రేవులో 70 శాతం వాటా చైనా కంపెనీకి వెళ్లింది, గడువు మీదే. అప్పు తీర్చలేక రేవు ఇచ్చేశారని అందరూ అనుకుంటారు. అంత కూడా జరగలేదు సార్. ఆ డబ్బు డాలర్ల నిల్వల్లోకి పోయింది, రేవు కట్టిన అప్పు మాత్రం ప్రభుత్వం నెత్తిమీదే ఉండిపోయింది. ఈ ముచ్చటలో చైనా ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు, సంతకం చేసిన చేతులు కొలంబోవి.

మీకో అన్నగారున్నారు, క్యూబా గడ్డమీద అమెరికా నౌకా స్థావరమున్న గ్వాంటనామోలో. 1903 నుంచి గడువే లేకుండా కూర్చున్నారు. ఏటా అమెరికా పంపే 4,085 డాలర్ల చెక్కును క్యూబా ప్రభుత్వం బ్యాంకులో వేయదు, 1959లో వేసిన ఒక్కటి తప్ప. ఆ పౌరుషం శ్రీలంకకు ఎక్కడిది? 2022లో పెట్రోలు కొనడానికే దాని దగ్గర డాలర్లు లేవు.

2025 మేలో మళ్లీ మిమ్మల్నే పిలిచారు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులు మారిషస్‌వేనని బ్రిటన్ ఒప్పుకుంటూ సంతకం చేసింది, వాటిలో ఒకటైన డియాగో గార్సియాలోని సైనిక స్థావరాన్ని మాత్రం 99 ఏళ్లకు అట్టేపెట్టుకుంటూ. ఆ స్థావరం కోసం సుమారు యాభై ఏళ్ల కిందట వెళ్లగొట్టిన జనాన్ని మిగతా దీవుల్లో ఉండనివ్వొచ్చట, డియాగో గార్సియాలో తప్ప. ఉభయులూ సరేనంటే మరో 40 ఏళ్లు పొడిగించుకోవచ్చని కూడా రాసుకున్నారు. ఆ దీవుల జనాన్ని పడవలెక్కించినప్పుడు ఇంత ముందుచూపుతో ఎవరూ కాగితం రాయలేదు.

ఇట్లు,
పదకొండు నెలల అగ్రిమెంట్ మీద కాపురముంటున్న ఒక అద్దె మనిషి