రెండు వేళ్లతో ఊడివచ్చే బోల్టు

పాత కారు సస్పెన్షన్ బుష్‌లను, అంటే చక్రాలను కారుకు కలిపే లోహపు చేతుల (ఆర్మ్‌ల) కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులను, ఇంట్లోనే మార్చుకోవడం గంటలో ముగిసే పని అని వీడియోలలో బోధించే మహానుభావుల పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. నలభై ఏళ్లుగా కారు అడుగున వాననీరూ బురదా తాగుతూ బిగుసుకుపోయిన బోల్టు, వారి స్పానర్‌ను చూడగానే సిగ్గుపడి వదులైపోతుంది. వారు దానిని రెండు వేళ్లతో లాగి, కెమెరా ముందు అటూ ఇటూ తిప్పి చూపి, పక్కన పెడతారు. దాని మీద తుప్పు మరకైనా ఉండదు. స్పానర్ పెట్టిన క్షణానికీ బోల్టు బయటికి వచ్చిన క్షణానికీ మధ్య బోధకుడి చొక్కా మారి ఉంటుంది, వెలుతురు మారి ఉంటుంది, ఒక్కోసారి గడ్డం కూడా పెరిగి ఉంటుంది. అయినా అదంతా ఒకే గంట అని మనం నమ్మాలి.

కత్తెరకు బలైన ఆ భాగంలో ఏమి జరిగి ఉంటుందో ఈ పని చేసినవారందరికీ తెలుసు. బుష్ అంటే సాధారణంగా బయట ఒక ఉక్కు గొట్టం, లోపల మరొక ఉక్కు గొట్టం, రెండింటినీ అంటిపెట్టుకొని నడుమ రబ్బరు. లోపలి గొట్టం గుండా వెళ్లే బోల్టు తుప్పుపట్టి దానితో ఏకమైపోయాక స్పానర్ తిప్పితే రెండూ కలిసి తిరుగుతాయి, రబ్బరు మెలిపడుతుంది, చెయ్యి వదలగానే అన్నీ ఎంతో వినయంగా యథాస్థానానికి వచ్చేస్తాయి. తుప్పు వదిలించే నూనె పోస్తే అది నేలను చక్కగా తడుపుతుంది. సుత్తితో కొడితే బోల్టు కొస నలిగి మర పాడవుతుంది. మంట పెడితే రబ్బరు అంటుకొని విషపు పొగ కమ్ముతుంది. (ఇంట్లో చేసుకునే పని అన్నారు కనుక ఆ పొగ కూడా ఇంట్లోనే.) చివరికి ఆర్మ్‌కూ, దానిని కారుకు పట్టి ఉంచే బ్రాకెట్‌కూ మధ్య సందులో రంపపు బ్లేడు దూర్చి బోల్టును రెండు వైపులా కోయవలసి వస్తుంది. ఆ తరువాత బయటి గొట్టం ఆర్మ్‌లో మొండికేస్తుంది; దానిని ఆర్మ్‌కు గాటు పడకుండా లోపలినుంచి హ్యాక్‌సాతో నిలువునా కోసి తీయాలి. వీడియోలో ఈ మహాఘట్టమంతటికీ బదులుగా నాలుగు క్షణాల సంగీతం వినిపిస్తుంది.

కొత్త బుష్ సంగతి చెప్పనే అక్కరలేదు, అది వారి బొటనవేలి ఒత్తిడికే లోపలికి వెళ్లిపోతుంది. మనబోటివాళ్లు మాత్రం పొడవాటి మర కడ్డీ, మందపాటి వాషర్లు, తగిన సైజు గొట్టపు ముక్క వెతుక్కొని, బయటి గొట్టం అంచు మీదనే ఒత్తిడి పడేలా కొద్దికొద్దిగా లోపలికి లాక్కోవాలి.

ఇంతా చేసి ఆ వీడియోలో కారు ఒక్క జాకీ మీద నిలబడి ఉంటుంది, బోధకుడు దాని కింద పడుకొని ఉంటాడు. స్టాండ్లు లేవు, చక్రాలకు అడ్డు లేదు. జాకీలోని సీలు వదిలితే ఆ బరువంతా అతని ఛాతీ మీదకే దిగుతుంది. కాయిల్ స్ప్రింగ్ నొక్కుకొని ఉండగా కింది ఆర్మ్ బోల్టు తీస్తే ఆ స్ప్రింగ్ ఎగిరివచ్చి ప్రాణం తీయగలదని ఒక్క వాక్యం చెప్పడానికి ఈ పెద్దమనిషికి తీరిక లేదు. చందాదారులుగా చేరమని మూడుసార్లు బతిమాలడానికి మాత్రం ఉంది. దీనిని అజాగ్రత్త అని సరిపెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. తెలిసి చూపిస్తే ఇది నేరం, తెలియకుండా చూపిస్తే అతనికి నేర్పే అర్హతే లేదు.

ఇక చివరి ఘట్టంలో, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ బలంగా బిగించి ఆయన చేతులు దులుపుకుంటాడు. ఇలాంటి రబ్బరు బుష్ జారి తిరగదు, మెలిపడి పనిచేస్తుంది. అందుచేత కారు తన బరువుతో చక్రాల మీద కూర్చున్న ఎత్తులోనే, తయారీదారు చెప్పిన టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, చివరి బిగింపు జరగాలి. వేలాడేటప్పుడు బిగించినవారి కారులో, దానిని కిందికి దించిన క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉండిపోయి, తొందరగా చిరిగిపోతుంది. అప్పటికి ఆయన తరువాతి వీడియో సిద్ధంగా ఉంటుంది, ఈ కాలపు బుష్‌లలో నాణ్యత ఎందుకు లోపించిందో ఎంతో ఆవేదనతో వివరిస్తూ.