ఎపిడెండ్రమ్ తెల్ల వేర్ల మీద కత్తెర పెట్టకండి

రీడ్ స్టెమ్ ఎపిడెండ్రమ్ అనే సన్నకాడల ఆర్కిడ్ గురించిన ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "ఈ ఆర్కిడ్ గురించి నిపుణులు దాచిపెట్టిన ఎనిమిది రహస్యాలు" అని పైన, "మొక్కలంటే ఇష్టం ఉన్న అందరికీ పంపండి" అని కింద. పంపుతున్నవాళ్లంతా నా స్నేహితులే, మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారు. కానీ కాండం మీది తెల్ల వేర్లన్నీ కోసేయమనే మూడో రహస్యాన్ని నమ్మి కత్తెర పట్టుకున్నవాళ్లు ఆ తర్వాత వాడిపోయిన మొక్క ఫొటో పెట్టి "దీనికేమైంది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడే మొత్తం రాస్తున్నాను.

ముందు చిన్నవాటి సంగతి తేల్చేద్దాం. కాండానికి రాగి తీగ చుడితే పూలు రెట్టింపవుతాయన్నది ఏడో రహస్యం. అవ్వవు. రాగి కలిసిన తెగులు మందులకే కొన్ని ఆర్కిడ్ల ఆకులు మాడిపోతాయి. అలాంటి లోహాన్ని పనిగట్టుకుని మొక్కకు చుట్టడం దేనికి?

ఎండిన కాయలోని పొడిని మట్టి మీద చల్లితే నెలలో మొలకలొస్తాయన్నది ఎనిమిదోది. రావు. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, మొలకకు కావలసిన ఆహారం అందులో నిల్వ ఉండదు. బయట పెరిగేచోట ఒక రకం శిలీంధ్రం ఆ ఆహారాన్ని అందిస్తేనే అది మొలుస్తుంది. ఆ శిలీంధ్రం అవసరం లేకుండా చక్కెర, లవణాలు కలిపిన జెల్లీ మీద ఆర్కిడ్ విత్తనాలను మొలిపించే పద్ధతిని లూయిస్ నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1922లో ప్రకటించాడు. ల్యాబుల్లో ఇప్పటికీ అదే దారిలో పనిచేస్తున్నారు. అంత శుభ్రంగా చేసినా మొలక మొక్కయి పూలు పూయడానికి ఏళ్లు పడుతుంది. ఈ మొక్క కాండం మీదే పిల్ల మొక్కలు పెట్టి ఇస్తుంటే విత్తనాల వెంట పడాల్సిన పనే లేదు.

ఇక మొదటి రహస్యం: "ఆర్కిడ్లు నీడ మొక్కలు, గది మూలలో పెట్టండి." ఏ ఆర్కిడ్? ఫలెనాప్సిస్ అనే ఇంకో ఆర్కిడ్‌కి చెప్పే మాటను పేరు మార్చి దీనికి అంటించారు. ఎపిడెండ్రమ్ ఒక్క ప్రజాతిలోనే వెయ్యికి పైగా జాతులున్నాయి. అందులో మనం రీడ్ స్టెమ్ అని పిలిచే రాడికాన్స్, ఇబాగెన్స్, సెకుండమ్, వాటి హైబ్రిడ్లు వెలుతురు కోరే మొక్కలు. నీడలో పెడితే చచ్చిపోవు, అదే చిక్కు. ముదురాకుపచ్చగా, సన్నగా, పొడుగ్గా సాగి, చూడటానికి ఆరోగ్యంగా ఉండి, ఒక్క మొగ్గ కూడా వేయవు. యజమాని ఎరువు తక్కువైందనుకుని ఇంకా ఎరువు వేస్తాడు. దానికి తక్కువైంది ఎండ. ఆకు లేతాకుపచ్చగా, అంచున కొద్దిగా ఎర్రజీర ఉంటే వెలుతురు సరిపోతున్నట్టు. నీడలో ఉన్న మొక్కను మాత్రం ఒక్కరోజులో నడి ఎండలోకి తోయకండి, ఆకులు కాలి మచ్చలు పడతాయి. రెండు మూడు వారాల్లో మెల్లగా అలవాటు చేయండి. మంచు పడే చలిలో మాత్రం బయట ఉంచకూడదు.

రెండో రహస్యం తోటమట్టి, కంపోస్టు సగం సగం కలిపి పెద్ద కుండీలో నాటమంటుంది. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ మెసేజ్ రాసినవాళ్లు "ఇది నేల మీద కూడా పెరిగే ఆర్కిడ్" అన్నారు, అది నిజం. ఆర్కిడ్ అనగానే చెట్టు కొమ్మే అనుకునేవాళ్లు ఆ వాక్యం చదివి నవ్వారు, నవ్వక్కర్లేదు. ఎపిడెండ్రమ్ రాడికాన్స్ మధ్య అమెరికాలో రోడ్ల పక్కన, తవ్విన గట్ల మీద, గడ్డిలో పాకుతూ పెరుగుతుంది. కానీ ఆ గట్టు వాలుగా ఉంటుంది, నీళ్లు నిలవవు, కాండం పైన ఉండి వేర్లు పక్కలకు పాకుతాయి. అడుగున చిన్న చిల్లు ఉన్న కుండీలో మెత్తటి మట్టి, కంపోస్టు నింపితే ఆ గట్టు తయారవదు, బురద తయారవుతుంది. రెండు నెలల్లో మట్టి గట్టిపడి వేర్లకు గాలి అందదు.

కాబట్టి గాలి ఆడే ముతక మిశ్రమం కావాలి. బెరడు ముక్కలు, బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు, ప్యూమిస్, పెర్లైట్ అనే తేలికైన గుల్లరాళ్లు, గులకరాళ్లు... ఏవి దొరికితే అవి. దేని పాళ్లు ఎంత అన్నది మీరు ఎంత తరచుగా నీళ్లు పోస్తారో దాన్ని బట్టి ఉంటుంది. రోజూ పోసే అలవాటున్నవాళ్లు రాళ్లు, ఇటుక ఎక్కువ వేసుకోవాలి. మరచిపోయేవాళ్లు కొబ్బరి పీచు ముక్కలు ఎక్కువ వేసుకోవాలి. పోసిన నీళ్లు వెంటనే అడుగు నుంచి కారిపోవాలి, లోపల తడి మాత్రం కాసేపు ఉండాలి. కుండీ వేర్లకు సరిపడా ఉంటే చాలు. పెద్ద కుండీలో వేర్లు చేరని మిశ్రమం ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుకు ఇల్లవుతుంది. పొడుగు కాండాలకు ఒక ఊతకర్ర పెట్టండి. బెరడు, పీచు రెండేళ్లలో మెత్తబడతాయి, కొత్త పిలకలు, కొత్త వేర్లు మొదలయ్యే సమయం చూసి అప్పుడు మార్చండి.

ఇప్పుడు అసలు విషయం. మూడో రహస్యాన్ని యథాతథంగా ఇస్తున్నాను: "కాండం మీద పుట్టే తెల్లని వేర్లు చచ్చినవి. అవి మొక్క బలాన్ని లాగేస్తాయి. అన్నిటినీ మొదలంటా కత్తిరించి, దాల్చిన చెక్క పొడి రాసి, కాండాన్ని సగం దాకా మట్టిలో పాతండి."

ఇందులో రెండు వాదనలు, మూడు సలహాలున్నాయి, అన్నీ తప్పే. అన్నీ కలిపి చేస్తే మొక్క ఎలా బతుకుతుంది?

తెల్లగా ఉన్న వేరు చచ్చిన వేరు కాదు. ఆర్కిడ్ వేరు చుట్టూ వెలామెన్ అనే పొర ఉంటుంది. అది పొడిగా ఉన్నప్పుడు అందులో గాలి నిండి వెండిలా తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు తగలగానే పీల్చుకుని పారదర్శకమవుతుంది, లోపలి ఆకుపచ్చ బయటపడుతుంది. నమ్మకం లేకపోతే ఇప్పుడే వెళ్లి మీ మొక్క మీద నీళ్లు చిలకరించి చూడండి. కాసేపట్లో ఆ "చచ్చిన" వేరు ఆకుపచ్చగా మారుతుంది. కొన చూడండి, లేతాకుపచ్చగానో ఎర్రగానో మెరుస్తూ ఉంటే అది పెరుగుతోందని అర్థం. నిజంగా చచ్చిన వేరును వేలితో నొక్కితే తెలిసిపోతుంది. లోపల బోలుగా ఉంటుంది, పైపొర జారి సన్నని దారం మిగులుతుంది. పది సెకన్ల పరీక్ష ఇది. ఈ మెసేజ్ రాసినవాళ్లు అదైనా చేసి ఉంటే ఇంతమంది మొక్కలు మిగిలేవి.

బలాన్ని లాగేస్తాయా? నీళ్లు, లవణాలు మొక్కలోకి వచ్చేది వేర్ల నుంచే. పైగా ఆ వేర్లలో పత్రహరితం ఉంది, వెలుతురు తగిలితే కొంత ఆహారం తయారుచేసుకుంటాయి కూడా. ఇంకో సంగతి: కాట్లియా అనే ఆర్కిడ్లకు లావు గడ్డల్లాంటి కాండాలుంటాయి, నీళ్లు అందకపోయినా కొన్నాళ్లు ఆ నిల్వతో గడుపుతాయి. రీడ్ స్టెమ్‌కు ఆ గడ్డలు లేవు, ఉన్నది సన్నని కాడే. అంటే మిగతా చాలా ఆర్కిడ్ల కంటే ఇది వేర్ల మీద ఎక్కువగా ఆధారపడి బతుకుతుంది. సరిగ్గా దాని వేర్లే కోయమంటున్నారు!

రాడికాన్స్‌లో కాండం పొడుగునా కణుపుల దగ్గర వేర్లు రావడం దాని స్వభావం. ఇబాగెన్స్‌లో వేర్లు ఎక్కువగా కాండం మొదలు దగ్గరే వస్తాయి. ఈ రెండింటి పూలు చూసి పొరబడేవాళ్లు వేర్లు చూసి గుర్తుపడతారు. ఇళ్లలో ఉండేవి చాలావరకు హైబ్రిడ్లు, 1888 నాటి ఒబ్రియేనియమ్ అనే హైబ్రిడ్ దగ్గర్నుంచి వాటి పరంపర నడుస్తోంది. కాబట్టి మీ మొక్కకు వేర్లు ఎక్కడొస్తాయన్నది దాని పుట్టుకను బట్టి ఉంటుంది. అది జబ్బు కాదు. గడ్డిలో, పొదల్లో పాకుతూ పోయే మొక్క ప్రతి కణుపు దగ్గరా వేరు దింపుకుంటుంది. మొదలు కుళ్లినా పైభాగం బతికేది అందువల్లే. ఆ వేర్లన్నీ కోస్తే మొక్క తనకోసం దాచుకున్న దారి మూసేసినట్టే.

కత్తెర విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. సింబిడియమ్ మొజాయిక్, ఓడొంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్ అనే రెండు వైరస్‌లు ఆర్కిడ్లలో చాలా చోట్ల కనిపిస్తాయి. ఒక మొక్క రసం అంటిన కత్తెరతో ఇంకో మొక్కను కోస్తే అవి పాకుతాయి. మందు లేదు. ఇరవై మొక్కలున్నవాళ్లు ఈ మెసేజ్ చదివి ఒకే కత్తెరతో వరసగా అన్నిటి వేర్లూ కోసుకుంటూ పోతే ఏమవుతుందో ఆలోచించండి. అవసరమై కోయాల్సి వచ్చినా ప్రతి మొక్కకూ ముందు బ్లేడును మంట మీద కాల్చాలి. ఎనిమిది రహస్యాల్లో ఆ ఒక్క వాక్యానికి చోటు దొరకలేదు.

దాల్చిన చెక్క పొడి ఆకు మీదో కాండం మీదో పడిన గాయానికి కొద్దిగా అద్దితే బూజు పట్టకుండా కాస్త సాయపడుతుంది, నిజమే. వేర్లకు రాస్తే మాత్రం అది తడిని లాగి వేరును ఎండబెడుతుంది. ఇక కాండాన్ని పాతడం: కొత్త పిలకలు కాండం మొదలు నుంచే వస్తాయి, ఆ మొదలు మిశ్రమం పైనే, గాలి తగిలేలా ఉండాలి. తడిమట్టిలో పూడ్చితే నల్లకుళ్లు పట్టి పైకి పాకుతుంది. గాలిలో పెరిగిన వేరును ఒక్కసారిగా తడిమట్టిలో కప్పినా అది అలవాటు పడలేక కుళ్లుతుంది. వేర్లు కుండీ బయట వేలాడుతుంటే అలాగే వదిలేయండి. నీళ్లు పోసేటప్పుడు వాటినీ తడపండి, అంతే.

నాలుగో రహస్యం వారానికి మూడు ఐస్ ముక్కలు. మిగతావాటిలాగే దీన్నీ కొట్టిపారేస్తానని మీరనుకోవచ్చు. కానీ ఐస్ వేస్తే చల్లదనానికి వేర్లు చచ్చిపోతాయన్న వాదన కూడా సరైనది కాదు. ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల వాళ్లు బెరడులో నాటిన ఫలెనాప్సిస్ మీద దీన్ని పరీక్షించి 2017లో ప్రచురించారు. ఐస్ ముక్కలతో నీళ్లందించిన మొక్కలకు హాని కనిపించలేదు. ఒప్పుకుంటున్నాను. అయితే అది ఇంట్లో పెట్టిన చిన్న కుండీ ఫలెనాప్సిస్ సంగతి. ఎండలో నిలబడి, గడ్డల్లేని సన్నకాడల్తో గుత్తులుగా పెరిగే మొక్కకు మూడు ముక్కల నీళ్లు ఏ మూలకు? దీనికి కుండీ అడుగు నుంచి కారేదాకా పోయాలి. మిశ్రమం పైపైన ఆరి, లోపల ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే మళ్లీ పోయాలి. పూర్తిగా ఎండనివ్వకూడదు.

కాఫీ పిప్పి, గుడ్డు పెంకులు, అరటి తొక్కలు కుండీలో వేయమనే ఐదోది పెద్ద మాటలు అక్కర్లేనిది. అవి ముతక మిశ్రమం సందుల్లో దిగి కుళ్లి, గాలి దారులు మూసి, ఈగల్నీ నత్తల్నీ పిలుస్తాయి. కరిగే ఎరువును డబ్బా మీద రాసినదాంట్లో పావువంతో సగమో బలంతో, పెరిగే రోజుల్లో వారానికోసారి ఇవ్వండి. నెలకోసారి ఉత్త నీళ్లు ధారాళంగా పోసి పేరుకున్న లవణాలు కడిగేయండి.

ఆరోది, పూలు రాలగానే కాండాలన్నీ నేలమట్టానికి కోసేయడం. మళ్లీ కత్తెరే! గుత్తిలో కింది పూలు రాలుతుంటే కొనలో కొత్త మొగ్గలు వస్తూనే ఉంటాయి, ఒకే కాడ నెలల తరబడి పూస్తుంది. తొందరపడి కోస్తే రావలసిన పూలు పోతాయి. కొన నిజంగా ఎండాక పూల కాడను మాత్రం తీసేయండి. ఆకులున్న కాండం కొత్త పిలకలను పోషిస్తుంది, దాని కణుపుల మీదే కీకీలు, అంటే పిల్ల మొక్కలు పుడతాయి. కీకీకి మూడు నాలుగు సెంటీమీటర్ల వేర్లు రెండు మూడు వచ్చాక విడదీసి చిన్న కుండీలో పెట్టుకోవచ్చు. మొక్కనే అంటిపెట్టుకుని వదిలేసినా పూస్తుంది. ఆకులన్నీ రాలి, పసుపు పచ్చబడి ముడతలు పడిన కాండం ఒక్కటే తీసేయదగ్గది.

మూడో రహస్యాన్ని ఇప్పటికే పాటించేసినవాళ్లు రేపటిదాకా ఆగకండి. మొక్కను మట్టిలోంచి తీసి, వేర్లు కడిగి, నల్లగా మెత్తబడిన భాగాన్ని కాల్చి చల్లార్చిన బ్లేడుతో శుభ్రమైన కండ కనిపించేదాకా కోయండి. వేర్లు కొన్నైనా మిగిలి ఉంటే ముతక మిశ్రమంలో మొదలు పైకి ఉండేలా నిలబెట్టి కర్రకు కట్టండి. మొదలు పూర్తిగా పోతే గట్టిగా ఉన్న కాండాన్ని రెండు మూడు కణుపులుండేలా ముక్కలు చేసి, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు మీద పడుకోబెట్టి, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. కొన్ని వారాలకో నెలలకో కణుపుల దగ్గర పిల్లలు లేస్తాయి. వాటికి వేర్లు వచ్చేదాకా ఎరువు వద్దు, నాచు ఎండిపోకుండా చూసుకుంటే చాలు.