శ్రీయుత 'రేపు చూడండి' గారికి

మహారాజశ్రీ 'రేపు చూడండి' గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు సెంటర్లో హోర్డింగు మీద, పేపర్ మొదటి పేజీలో, ఫోన్ తెరిస్తే ఫోన్లో దివ్యంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాం కాబట్టి తమ క్షేమం అడగడం లేదు.

విషయానికొస్తాను. ఆమధ్య మా ఊరి బస్టాండ్ ఎదురుగా, సరుకేమిటో చెప్పకుండా ఊరించే ప్రకటన రూపంలో తమరు వెలిశారు. నల్లటి ఫ్లెక్సీ, మధ్యలో తెల్లక్షరాలు: "12 రోజుల్లో మీ జీవితం మారిపోతుంది". పేరు లేదు, ఊరు లేదు. మూల ఒక క్యూఆర్ కోడ్ ఉంటే ఆటో స్టాండ్ కుర్రాడు స్కాన్ చేశాడు. "ఓపిక పట్టండి" అని వచ్చింది.

దాంతో ఇడ్లీ బండి దగ్గర పందేలు మొదలయ్యాయి. ఒకాయన మెట్రో అన్నాడు. (మా ఊరికి మెట్రో! రైల్వే గేటు దగ్గర ఫ్లైఓవర్‌కే ఇంకా పిల్లర్లు లేస్తున్నాయి.) ఇంకొకాయన కొత్త పార్టీ అన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం "గొలుసు స్కీమురా, ఎవరూ డబ్బులు కట్టకండి" అని ముందే చెప్పారు. రోజుకో అంకె తగ్గుతూ వచ్చింది. 11, 10, 9. మధ్యలో ఒక రోజు అంకె మార్చేవాడు రాలేదు. మా జీవితాలు ఒక రోజు వాయిదా పడ్డాయి.

చివరికి ముసుగు తీశారు. పదేళ్లుగా అదే రోడ్డులో ఉన్న బట్టల షాపు. "మా షోరూమ్‌లో ఇప్పుడు సెల్లార్ పార్కింగ్ సౌకర్యం కలదు." పక్కనే ఒక జంట, కారు తాళం పైకెత్తి చూపిస్తూ, అప్పుడే బిడ్డ పుట్టినంత సంబరంగా నవ్వుతున్నారు.

బండి దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు ఇంకొంచెం చట్నీ వేయించుకున్నారు. కొండను తవ్విన వాడికి ఎలుకన్నా దొరికింది. మాకు ఎలుకలు తిరిగే సెల్లార్ దొరికింది. దానికీ స్కూటర్‌కి 20 రూపాయలు.

తమ వంశం మాకు కొత్తేం కాదు లెండి. కిరాణా కొట్టులో గల్లాపెట్టె మీద "అప్పు రేపు" అని వేలాడేది తమ తాతగారే కదా, ఏ రోజు వెళ్లినా రేపే. ఇంటి తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన రోజులూ ఉన్నాయి. దెయ్యం రాత్రి వచ్చి, అది చదువుకుని, బుద్ధిగా వెనక్కెళ్లి, మర్నాడు మళ్లీ వచ్చేదట. అప్పుడు రాత మాది, తిరుగుడు దెయ్యానిది. ఇప్పుడు రాత తమది. రోజూ వచ్చి చదువుకుని పోతున్నది మేము.

అలాగని తమరు ఎప్పుడూ మాట తప్పుతారని అనను. 1981లో ఫ్రాన్స్‌లో చేసిన పని నాకు తెలుసు. ఆగస్టు 31న గోడల మీద మిరియం అనే అమ్మాయి, బికినీలో. "సెప్టెంబర్ 2న పైది తీసేస్తాను." చెప్పిన రోజున తీసేసింది. "సెప్టెంబర్ 4న కిందది." దేశం దేశమంతా గోడల వైపు చూస్తూ కూర్చుంది. నాలుగో తేదీ వచ్చింది, అమ్మాయి మాట నిలబెట్టుకుంది, కాకపోతే వీపు తిప్పి నిలబడింది. పక్కన రాత: "అవెనీర్, మాట నిలబెట్టుకునే పోస్టర్ల కంపెనీ." ఆడమనిషి ఒంటిని ఎర వేయడం నాకు నచ్చదు, అది వేరే ఉత్తరంలో తిడతాను. కానీ పనితనం చూడండి. వాళ్లు అమ్మేదే చెప్పిన తేదీకి చెప్పిన పోస్టర్ అతికించడం. జనం ఎదురుచూసిన ఆ నాలుగు రోజులే సరుకు. ముసుగు తీసేసరికి సరుకు చేతికందింది. పైగా 'అవెనీర్' అంటే భవిష్యత్తు అట. తమ ఇంటిపేరే!

దానికి పక్కన మన దేశంలో జరిగింది పెడితే నవ్వొస్తుంది. 2010 జూలైలో ముంబయిలో పి అండ్ జి అనే షాంపూల కంపెనీ వాళ్లు 'మిస్టరీ షాంపూ' అంటూ హోర్డింగులు ఎత్తారు. నూటికి 80 మంది ఆడవాళ్లు అన్నిటికన్నా మేలంటున్నారట, పేరు మాత్రం అప్పుడే చెప్పరట. వీళ్లు పాంటీన్ అని విప్పేలోగా పోటీ కంపెనీ హిందుస్తాన్ యూనిలీవర్ వాళ్లొచ్చి "మిస్టరీ లేదు ఏమీ లేదు, డవ్ షాంపూయే నంబర్ వన్" అని బోర్డు పెట్టేశారు. వరుడి పేరు రాయకుండా శుభలేఖలు పంచితే అంతే మరి, పక్కింటాయన తన కొడుకు పేరు రాసుకుంటాడు.

సెగ్వే సంగతి చూస్తే మాత్రం జాలేస్తుంది. 2001 జనవరిలో అమెరికాలో డీన్ కామెన్ ఏదో కనిపెట్టాడని కబురు పొక్కింది. ఏమిటో తెలియదు. 'జింజర్' అన్నారు, 'ఇట్' అన్నారు, ఊళ్లనే దాని చుట్టూ కట్టుకోవాల్సి వస్తుందన్నారు. గాల్లో తేలే బండి అనుకున్నవాళ్లూ ఉన్నారు. డిసెంబర్ 3న టీవీలో గుడ్డ తీస్తే, సెగ్వే అనే, నిలబడి నడిపే రెండు చక్రాల బండి. పడిపోకుండా దానంతటదే నిలబడుతుంది, నిజంగా గొప్ప ఇంజినీరింగే. ఏం లాభం, గాల్లో తేలుతున్నవాళ్లని నేల మీదికి దించింది. 2020లో తయారీ ఆపేసేనాటికి అమ్ముడైనవి లక్షా నలభై వేలు.

ఇక సినిమా వాళ్లింట్లో తమరికి మనవలు, మునిమనవలు. ప్రీ లుక్, ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, ట్రైలర్. టీజర్ తేదీ చెప్పడానికో పోస్టర్, ఆ పోస్టర్ ఎన్నింటికొస్తుందో చెప్పడానికింకో పోస్టర్: "రేపు ఉదయం 11:07కి". పదకొండింటికి వస్తే దుర్ముహూర్తం కాబోలు. అయినా కట్టప్ప విషయంలో మాత్రం తమరికి దండం పెట్టాను. 2015 జూలై 10న పొడిచాడు, ఎందుకు పొడిచాడో 2017 ఏప్రిల్ 28న చెప్పారు. దాదాపు 22 నెలలు ఊరంతా అదే ప్రశ్న మోసింది, బరువనలేదు. ఎందుకంటే ముందు విస్తరి వేసి, పప్పు, కూర, పులుసు అన్నీ వడ్డించి, పెరుగు దగ్గర ఆపారు. పెరుగు కోసం కూర్చోమంటే కూర్చుంటాం. తమరు మా బస్టాండ్ దగ్గర చేసిందేమిటి? ఖాళీ విస్తరి ముందు పన్నెండు రోజులు కూర్చోబెట్టి, పదమూడో రోజున చేతులు కడుక్కోవడానికి చెంబు ఇచ్చారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. తమ నల్ల ఫ్లెక్సీ వృథా కాలేదు. ఇడ్లీ బండి ఆయన అడిగి తెచ్చుకుని, కొలత ప్రకారం కోసి, ఎండ పడకుండా పైన కట్టుకున్నాడు. ఇప్పుడు దాని కిందే తింటున్నాం. తలెత్తితే "మీ జీవితం మారిపో" అని కనిపిస్తుంది. 'తుంది' ముక్క గ్యాస్ సిలిండర్ మీద కప్పాడు.

ఇట్లు,
రోజూ వచ్చి చదువుకుని పోయే దెయ్యం