రోంత తింటే ఏమైతాది?

మొన్న ఆదివారం బంధువుల గృహప్రవేశంలో నా భార్య మా పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. పెద్దమ్మ చేతిలో కాజు బర్ఫీ ముక్క ఉంది, ఆ ముక్క మా నాలుగున్నరేళ్ళ కూతురి నోటికి జానెడు దూరంలో ఉంది. ఆ సాయంత్రం నుంచి మా ఫ్యామిలీ గ్రూపులో చర్చంతా ఆ చెయ్యి గురించే. పెద్దామె అని చూడకుండా, అందరి ముందరా, సదువుకున్న పిల్లకు ఆమాత్రం మర్యాద తెల్దా అని. బర్ఫీ సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

అది నేను ఎత్తుతున్నాను. గ్రూపులో రాస్తే మధ్యలో ఎవరో ఒకరు శుభోదయం పువ్వులు పెడతారు, అందుకని ఇక్కడ. సారీ చెప్పమని నా భార్యకి ఫోన్లు చేస్తున్నవాళ్ళు కూడా ఇక్కడే చదువుకోండి. చెప్పదు.

మా పాపకి వేరుశనగ పడదు, జీడిపప్పు పడదు, పిస్తా పడదు. (జీడిపప్పు, పిస్తా దగ్గరి చుట్టాలు. ఒకటి పడని పిల్లల్లో చాలామందికి రెండోదీ పడదు.) అసలు ఈ "పడదు" అనే మాటతోనే వచ్చింది చిక్కంతా. మనకి వంకాయ పడదంటే దురద, పెరుగు పడదంటే జలుబు, అత్తకి కోడలు పడదంటే ఇంకో కథ. అన్నిటికీ అదే మాట. మా పాపకి పడదంటే ఒంటినిండా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, వాంతులై, గొంతు మూసుకుపోయి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చని. డాక్టర్లు అనాఫిలాక్సిస్ అంటారు. ఆ పేరు నోరు తిరగక మా అమ్మ "ఊపిరి రోగం" అంటుంది. నాకు ఆమె పెట్టిన పేరే నయమనిపిస్తుంది.

"మా కాలంలో యాడుండె ఇవన్నీ?" అని పెద్దమ్మ ప్రశ్న. ఉండె పెద్దమ్మా. అనాఫిలాక్సిస్ అనే పేరు పెట్టింది 1902లో, దాని మీద చేసిన పనికి ఫ్రాన్సులో షార్ల్ రిషే అనే ఆయనకి 1913లో నోబెల్ కూడా ఇచ్చినారు. మీరు పుట్టకముందే ఉంది. మన ఊళ్ళల్లో దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, అంతే.

తెలియనివాళ్ళకి చెప్తున్నా, మాది కదిరి దగ్గర పల్లె. ఒకప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. నేను చదువుకున్నది శెనక్కాయల (అంటే వేరుశనగ) డబ్బుతో. మా నాయన టీఎంవీ-2 రకం శెనక్కాయ వేసిన కాలం నుంచి కదిరి-6 రకం దాకా మా చేను వేరే పంట చూసింది తక్కువ. సంగటిలోకి ఊరుబిండి, చిత్రాన్నంలో శెనగ విత్తనాలు, ఏ వేపుడు దించినా పైన గుప్పెడు శెనక్కాయ పొడి, పండగొస్తే ఉండలు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి శెనక్కాయే శత్రువైంది. మొదట్లో మా నాయన దీన్ని రోగంగా కాదు, అవమానంగా తీసుకున్నాడు.

పాపకి పదకొండో నెల. సంక్రాంతికి ఊరికి పోయినాం. మా అమ్మ బెల్లం పాకం పట్టి ఉండలు చుడుతూ, చేతికంటుకున్న గోరంత ముక్క పాప నాలుక మీద పెట్టింది. పాప చప్పరించింది, నవ్వింది కూడా. ఐదు నిమిషాలకి మెడ మీద ఎర్రటి దద్దు. నా భార్య చూపిస్తే "ఏం కాదులే, చీమ కుట్టుంటది" అన్నాను. ఈ రోజు నేను తిడుతున్న మాట ఆ రోజు ముందు అన్నది నేనే. ఇంకో ఐదు నిమిషాలకి పెదాలు వాచినాయి, వాంతి చేసుకుంది, దగ్గు. తర్వాత ఏడవడం మానేసింది. పిల్ల ఏడుపు ఆపితే మనం ఊపిరి పీల్చుకుంటాం కదా, నేనూ పీల్చుకున్నా. అది నీరసమని, బీపీ పడిపోతోందని అప్పుడు నాకు తెలీదు.

ఊళ్ళో ఆరెంపీ దురదకిచ్చే ఇంజెక్షన్ వేశాడు. ఆయన్ని తప్పు పట్టను, ఆయనకి తెలిసింది అది. కానీ ఆ మందు దద్దుర్లు తగ్గిస్తుంది తప్ప మూసుకుపోతున్న గొంతుని తెరవదు. టౌను ఆసుపత్రికి బైకు మీద తీసుకుపోతే డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చూసీ చూడగానే తొడ పక్కన అడ్రినలిన్ ఇంజెక్షన్ వేసింది. కొన్ని నిమిషాలకే పాప ఒంట్లో రంగు తిరిగొచ్చింది. ఆ రాత్రంతా అబ్జర్వేషన్లో ఉంచినారు, తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చని.

తర్వాత హైదరాబాదులో అలర్జీ డాక్టరు, చేతి మీద చుక్కలు వేసి సూదితో గీకే పరీక్ష, రక్తపరీక్ష, అవన్నీ రాయను. రాయాల్సింది ఇంకోటి ఉంది.

"శెనక్కాయలు తినే ఇంట్లో పుట్టిన బిడ్డకు శెనక్కాయ ఎట్ల పడదు? మీరే పెట్టకుండా సున్నితంగా పెంచినారు" అంటారు. ఇందులో గింజంత నిజం ఉంది, ఒప్పుకుంటా. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకి మూడేళ్ళదాకా వేరుశనగ పెట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే 2000లో చెప్పింది, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో లండన్ నుంచి గిడియన్ లాక్ బృందం చేసిన లీప్ అధ్యయనం వచ్చింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, దురదపెట్టి పగిలే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్ని తీసుకుని, 4 నుంచి 11 నెలల వయసులో సగంమందికి వేరుశనగ మొదలుపెట్టి, మిగతా సగంమందికి పెట్టకుండా ఐదేళ్ళదాకా చూసినారు. తిన్నవాళ్ళల్లో అలర్జీ దాదాపు 80 శాతం తక్కువ. కాబట్టి తొందరగా పెట్టడం మంచిదే, డాక్టరుని అడిగి. కానీ అది అలర్జీ రాకముందు మాట. వచ్చినాక అదే సలహా ఇవ్వడం, ఇల్లు అంటుకున్నాక పొయ్యి జాగ్రత్తగా వెలిగించమన్నట్టు ఉంటుంది.

ఆ లాక్ చెప్పిన ఇంకో సంగతి ఉంది. చర్మం పగిలిన పసిపిల్లలకి ఒక తిండి నోట్లోకి పోకముందే చర్మం నుంచి లోపలికి పోతే, ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకునే అవకాశం ఎక్కువట. మా పాపకి మూడో నెల నుంచి ఎగ్జిమా. డాక్టరు ఇది వివరిస్తుంటే నా కళ్ళ ముందు కనిపించింది ఒక స్టీలు గిన్నె. అందులో గోరువెచ్చటి గానుగ శెనక్కాయ నూనె. మా అమ్మ పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని రోజూ ఒళ్ళంతా పట్టించేది. అదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు, డాక్టరూ చెప్పలేదు. మా అమ్మకి నేనూ చెప్పలేదు. ఆమె ఫోనులో ఫేస్‌బుక్ లేదు. ఉన్నవాళ్ళు దయచేసి చెప్పకండి.

ఇంక "రోజూ రోంత రోంత పెడితే అలవాటైతాది" అనే వైద్యం. (మా వైపు రోంత అంటే కొంచెం.) ఇది మా పెద్దమ్మది ఒక్కతిదే కాదు, అపార్టుమెంట్లో కనీసం నలుగురిది. నవ్వొచ్చేదేమంటే ఆ పద్ధతి నిజంగానే ఉంది. అమెరికాలో 2020 జనవరిలో పాల్‌ఫోర్జియా అని వేరుశనగ పొడితో చేసిన మందుకి అనుమతి ఇచ్చినారు, 4 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి. దాని మొదటి డోసు 0.5 మిల్లీగ్రాము ప్రోటీను, అదీ ఆసుపత్రిలో కూర్చోబెట్టి, పక్కన అడ్రినలిన్ పెట్టుకుని. ఒక్క శెనగ విత్తనంలో ఉండే ప్రోటీను సుమారు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. అంటే వాళ్ళ రోంత మీ ఒక్క గింజలో ఐదొందలో వంతు. ఇంతా చేసి అది అలర్జీని పోగొట్టదు, పొరపాటున తగిలితే ప్రమాదం తగ్గిస్తుంది. ఇప్పుడు చెప్పండి, మీ రోంత అంటే ఎంత పెద్దమ్మా?

బయట తిండి సంగతి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద వేరుశనగ, జీడిపప్పు, బాదం, పాలు, గుడ్డు లాంటివి ఉంటే విడిగా చెప్పాలి. ప్యాకెట్ వరకు బాగుంది. మనవాళ్ళు తినేది ప్యాకెట్లోంచి ఎంత? స్వీటు షాపులో ఒకే పట్టుకారుతో కాజు కట్లీ తీస్తాడు, అదే పట్టుకారుతో మైసూర్ పాక్ తీస్తాడు. టిఫిన్ సెంటర్లో "కొబ్బరి చట్నీయేనా అన్నా?" అంటే "ప్యూర్ కొబ్బరి సార్" అంటాడు. నాకు తెలుసు అందులో సగం పల్లీలని, కొబ్బరికాయ రేటు ఆయనకీ తెలుసు కాబట్టి. మా పాప ఇడ్లీ మీద నెయ్యి, చక్కెర. మూడేళ్ళుగా అంతే.

పేర్లతో ఇంకో తంటా. హైదరాబాదులో పల్లీలు, మా ఊళ్ళో శెనక్కాయలు, కర్నూలు చుట్టాలకి బుడ్డలు, పుస్తకంలో వేరుశనగ, ఎదురింటివాళ్ళకి మూంగ్‌ఫలీ. ఒక్క గింజకి ఐదు పేర్లు నేర్చుకుంది నా కూతురు, అ ఆ ఇ ఈల కంటే ముందు. మళ్ళీ "శనగపప్పు వడ తింటాది గదా, శనగ తింటే రానిది వేరుశనగ తింటే ఎందుకొస్తాది?" అని ఒకాయన లాజిక్కు. రెండింట్లోనూ శనగ ఉంది, నిజమే. ఆయన పేరులో రెడ్డి ఉంది, తెలంగాణ ముఖ్యమంత్రి పేరులోనూ రెడ్డి ఉంది. ఏం చేద్దాం?

స్కూలు గురించి ఎక్కువ రాయను, రాస్తే బూతులొస్తాయి. "ఇంజెక్షన్ మేం వెయ్యం సార్, ఏమన్నా అయితే మా మీదికొస్తది, 108కి ఫోన్ చేస్తాం" అన్నారు. 108 వచ్చేదాకా ఏం చేస్తారంటే జవాబు లేదు. చివరికి నేర్చుకున్నది ఆయమ్మ. ఏడో తరగతి చదివిందట. ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి చూపిస్తే పట్టేసింది. పుట్టినరోజు చాక్లెట్లు పంచే రోజు ముందే నా భార్యకి ఫోన్ చేసి రేపరు మీద ఉన్నది అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. మేడమ్‌లందరికీ ఇంగ్లీషు వచ్చు మరి.

ప్రసాదం దగ్గర ఇంకో గొడవ. తిరుపతి లడ్డూలో జీడిపప్పు, చక్కెర పొంగలిలో జీడిపప్పు, పులిహోరలో శెనక్కాయలు. "దేవుడి ప్రసాదానికి అలర్జీ ఏంది, కళ్ళు పోతాయ్" అన్నారు గుళ్ళో ఒకావిడ. ఇప్పుడు మా పద్ధతేంటంటే పాప నమస్కారం పెడుతుంది, ప్రసాదం నేను కళ్ళకద్దుకుని నేనే తింటాను. పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుందో గానీ కొవ్వు మాత్రం నా ఖాతాలోనే పడుతోంది. తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కుని, పళ్ళు తోముకునేదాకా నా కూతురికి ముద్దు పెట్టను. ఆమే గుర్తుచేస్తుంది, "నాన్నా, ముందు బ్రష్" అని.

ఇంక మా ఇంట్లో ఉన్న కిట్. విదేశాల్లో ఎపిపెన్ అని ఉంటుంది, తొడకి నొక్కితే డోసు దానంతటదే పోతుంది. నేను తిరిగిన మెడికల్ షాపుల్లో దొరకలేదు. అమెరికాలో ఉన్న స్నేహితుడు తెస్తానన్నాడు, వాడొచ్చేది రెండేళ్ళకోసారి, పెన్ను గడువు అంత ఉండదు. అందుకని మా డాక్టరు రాసిచ్చినట్టు గాజు ఆంప్యూల్స్ (మెడ విరిచి మందు తీసుకునే చిన్న సీసాలు) పెట్టుకున్నాం. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్. పాప 15 కిలోలు, డోసు 0.15 మిల్లీలీటర్లు, తొడ బయటివైపు కండలోకి. (ఇది మా పాపకి రాసింది. మీ పిల్లలకి మీ డాక్టరు చెప్పాలి.) ఖరీదు ప్లేటు ఇడ్లీ అంత కూడా ఉండదు. చీకట్లో ఉండాలి, వేడి తగలకూడదు, అందుకని పాత కళ్ళజోడు డబ్బాలో పెట్టి ఎక్కడికి పోయినా వెంట తీసుకుపోతాం.

నా భార్య బత్తాయిల మీద నేర్చుకుంది. మంచినీళ్ళు ఎక్కించి, గుచ్చి, మళ్ళీ ఎక్కించి. ఆంప్యూల్ మెడ విరవడం దగ్గర్నుంచి సూది దించేదాకా ఆమెకి 50 సెకన్లు. నాకు నిమిషం దాటుతుంది, నా చెయ్యి వణుకుతుంది. మొదట్లో ఒక ఆంప్యూల్ విరుస్తుంటే గాజు దిగి ఆమె బొటనవేలి మీద మచ్చ పడింది. మూడు రోజులుగా మీ గ్రూపులో చర్చ జరుగుతున్నది ఆ చేతి గురించే.

ప్రేమతోనే పెట్టబోయింది పెద్దమ్మ, నాకు తెలుసు. చిన్నప్పుడు ఆమె చేతి ముద్దలు తిన్నవాణ్ణి. మన ఇళ్ళల్లో ప్రేమ చూపించడానికి తినిపించడం తప్ప ఇంకో దారి ఎవరూ నేర్పలేదు, కాదంటే మనసు కష్టపడుతుంది. పెళ్ళిళ్ళకి మేం పాపకి క్యారియర్ తెచ్చుకుంటే "మా ఇంట్లో అన్నం మీకు విషమా" అని మొహం మాడ్చుకున్నవాళ్ళున్నారు. నేను అడిగేది వంటలు మార్చమని కాదు. పిల్ల నోటి దాకా చెయ్యి పోయేముందు ఆ పిల్ల తల్లిని అడగండి. మా పాపనొక్కదాన్నే కాదు, ఎవరి పిల్లనైనా సరే.

నిన్న రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది. ఎవరో చేరవేసినారు, చెయ్యి పట్టుకున్న కథ. కోడలిని ఏమంటుందోనని నేను మాటలు వెతుక్కుంటున్నా. "మీ పెద్దమ్మకు నేను చెప్తాలే" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ పొద్దు నేను పెట్టేటప్పుడు నా చెయ్యి పట్టుకునేటోళ్ళు లేకపాయెరా" అంది.

ఎప్పుడొస్తారని అడిగింది. కాయలు పీకి, అమ్మి, నడవలో మూటలన్నీ పోయినాక ఇల్లు కడిగి ఫోన్ చేస్తానంది. నవంబరు రెండో వారం అనుకుంటున్నాం. కిట్‌లో ఒక ఆంప్యూల్ గడువు అక్టోబరుతో అయిపోతుంది, పోయేలోపు మార్చాలి.