సొంత కాళ్ల మీద నిలబడలేని సృష్టి

ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని పెద్దలు చెబుతూనే వచ్చారు, మనం తల ఊపుతూనే వచ్చాం. ఈ హితవు చెవిన పడనిది ఒక్క ప్రకృతికే. అక్కడ పరిస్థితి ఎంత అధ్వానంగా ఉందో ఎవరో ఒకరు నిర్మొహమాటంగా రాయాలి కాబట్టి ఆ భారం నేనే ఎత్తుకుంటున్నాను.

మేడిచెట్టు సంగతే తీసుకోండి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మనవాళ్లు ఏనాడో కనిపెట్టి, లోకంలోని కపటానికంతటికీ దాన్నే సాక్ష్యంగా నిలబెట్టారు. పాపం, వాళ్లకు పూర్తి సమాచారం అందలేదు. అసలు విషయం ఇంకా సిగ్గుచేటు. ఆ పురుగులు లేకపోతే చెట్టుకు విత్తనమే కట్టదు! పూలన్నీ కాయ లోపల దాచుకున్న ఈ మహావృక్షం, ఒక బుల్లి కందిరీగ పుప్పొడి మోసుకొస్తే తప్ప వంశం నిలుపుకోలేదు. పోనీ కందిరీగ స్వతంత్రురాలా అంటే అదీ కాదు. గుడ్లు పెట్టడానికి దానికి ఆ కాయ తప్ప దిక్కులేదు. రెక్కలు ఊడిపోయేంత ఇరుకు దారిలో దూరి, గుడ్లు పెట్టి, లోపలే చచ్చిపోతుంది. మర్రి, రావి, మేడి, అంజూర అన్నీ కలిసిన ఈ కుటుంబంలో 750కి పైగా జాతులున్నాయి. దాదాపు ఒక్కో జాతికి ఒక్కో రకం కందిరీగ. కోట్ల ఏళ్లుగా ఇదే తంతు. ఒక్క చెట్టయినా సొంత ఏర్పాటు చేసుకుందామని ఆలోచించిన పాపాన పోలేదు.

మేడి నయం, కనీసం ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. బ్రిటన్‌లోని లార్జ్ బ్లూ సీతాకోకచిలుకది పచ్చి మోసం. దీని గొంగళిపురుగు కొన్నాళ్లు థైమ్ అనే చిన్న మొక్క పూలు తిని, నేల మీదకు జారిపడి, అచ్చం చీమపిల్లలా వాసన కొడుతుంది. ఎర్రచీమ అది తప్పిపోయిన తమ బిడ్డే అనుకుని పుట్టలోకి మోసుకుపోతుంది. ఆ బిడ్డ లోపల నెలల తరబడి మకాం వేసి, చీమపిల్లలనే తిని లావెక్కుతుంది.

ఇంత గడుసుది ఒకరి దయ మీద బతుకుతోందని ఎవరు అనుకుంటారు? 1950లలో మిక్సోమటోసిస్ అనే జబ్బు వచ్చి అక్కడి కుందేళ్లు కుప్పలుగా చచ్చిపోయాయి. కుందేలుకూ ఈ సీతాకోకచిలుకకూ బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు. అయినా చూడండి ఏమైందో. మేసేవాళ్లు లేక గడ్డి ఏపుగా పెరిగింది. గడ్డి నీడకు నేల చల్లబడింది. వెచ్చటి నేల ఉంటే తప్ప కాపురం చేయని ఆ ఒక్క రకం చీమ, మిర్మికా సబ్యులెటీ, మూటాముల్లె సర్దుకుంది. 1979కల్లా బ్రిటన్‌లో ఈ సీతాకోకచిలుక లేకుండా పోయింది. దాన్ని కాపాడాలన్న తపనతో అంతకుముందే కొందరు కంచెలు కట్టించి, వలలు పట్టుకుని తిరిగేవాళ్లను బయట నిలబెట్టారు. పశువులు కూడా బయటే నిలబడ్డాయి. గడ్డి మాత్రం లోపల హాయిగా పెరిగింది. చివరికి స్వీడన్ నుంచి ఈ జాతిని తెప్పించి, పశువులతో గడ్డి మేయించి, చీమగారికి నేల వెచ్చబెట్టి, మళ్లీ కాపురం పెట్టించారు. ఒక దొంగ బతకడానికి ఇంత బందోబస్తు!

సంస్కరణకు ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 1963లో అమెరికా పశ్చిమ తీరాన రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త ఒక రాతి ఒడ్డు నుంచి నక్షత్రచేపలను పీకి సముద్రంలోకి విసిరేశాడు. ఇరుగుపొరుగునంతా మింగే పెత్తందారు పోతే తక్కినవాళ్లు సుఖపడాలి కదా. మసెల్స్ అనే ఆల్చిప్పలు నిజంగానే సుఖపడ్డాయి. ఎంతగా అంటే, రాయంతా ఆక్రమించి మిగతావాళ్లను గెంటేశాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి. తినేవాడు ఉన్నప్పుడే అందరికీ చోటుండేదన్నమాట. ఈ ఫలితాన్ని నేను సూత్రప్రాయంగా వ్యతిరేకిస్తున్నాను.

మన దేశంలో ఇంతకన్నా పెద్ద ప్రయోగం ఎవరూ ప్లాన్ చేయకుండానే జరిగిపోయింది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫినాక్, కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి కిడ్నీలు పాడుచేసింది. కారణం తేలేసరికి 2004, పశువైద్యంలో ఆ మందును నిషేధించేసరికి 2006. తెల్లవీపు రాబందులు 2007 నాటికి వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. జీతం అడగని, సెలవు పెట్టని పారిశుద్ధ్య సిబ్బంది పోయాక ఆ ఉద్యోగం కుక్కలకు దక్కింది. వాటితోపాటు రేబిస్ భయమూ పెరిగింది.

ఇంత చీకట్లోనూ ఒక ఆదర్శమూర్తి దొరికింది. దొరికింది కూడా చీకట్లోనే. దక్షిణాఫ్రికాలోని ఎంపొనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, 60 డిగ్రీల వేడి నీళ్లలో ఒక బ్యాక్టీరియా ఉందని 2008లో ప్రకటించారు. పేరు డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వయేటర్. ఆ నీళ్లలోని జీవాల్లో 99.9 శాతం అదే. ఎండ అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, పొరుగు అసలే అక్కర్లేదు. యురేనియం ధార్మికత వల్ల నీళ్లు విడిపోగా వచ్చే హైడ్రోజన్‌తో కాలక్షేపం చేస్తుంది. కావలసిన కార్బన్, నైట్రోజన్ తనే సమకూర్చుకుంటుంది. ప్రకృతి మొత్తంలో నేను చేయెత్తి మొక్కదగ్గ జీవి ఇదొక్కటే.

దీనికి ఘనంగా పౌర సన్మానం చేయాలని నా ప్రతిపాదన. ఆక్సిజన్ పడదు కాబట్టి వేదిక మీదకు పిలవలేం. శాలువా కప్పే పెద్దమనుషులే గనిలోకి దిగాలి. ఇక దాని జన్యువులు చదివిన పరిశోధకులు, వాటిలో కొన్ని ఆర్కియా అనే వేరే సూక్ష్మజీవుల నుంచి వచ్చినట్టున్నాయని రాశారు. ఏదో చేబదులు తీసుకుని ఉంటుంది. సన్మానపత్రం రాసేవాళ్లు ఆ ముక్క మాత్రం వదిలేయాలని మనవి.